బొమ్మల సంచి: ఇంటిల్లిపాదీ కలిసి బొమ్మలు నేర్చుకోవడానికి ఒక దారి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా అపార్ట్‌మెంట్‌లో ఐదు ఇళ్ళ మధ్య ఒక పెద్ద గుడ్డసంచి తిరుగుతూ ఉంటుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో వారం. అందులో రంగులు, బ్రష్షులు, కాగితాలు, బొగ్గు ముక్కలు, ఒక పాత ఫ్లెక్సీ, ఒక నోట్‌బుక్కు ఉంటాయి. సంచి వచ్చిన వారంలో ఆ ఇంటివాళ్ళు ఒక సాయంత్రం నేల మీద కూర్చుని బొమ్మలు చేస్తారు. పిల్లలతో పాటు అమ్మానాన్నలు, ఇంట్లో ఉంటే నాయనమ్మ, తాతగారు కూడా కూర్చోవాలి. సంచికి ఉన్న షరతు అదొక్కటే.

డ్రాయింగ్ క్లాసులు మన ఊళ్ళో చాలా ఉన్నాయి. మా పాపనూ ఒక క్లాసులో చేర్చాం. ఆరు నెలల తర్వాత పుస్తకం తెరిచి చూస్తే ప్రతి పేజీలోనూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఒక గుడిసె, పక్కన కొబ్బరి చెట్టు. మా మేడ మీదికి ఎక్కితే కైలాసగిరి కనిపిస్తుంది. ఆ పుస్తకంలో ఒక్క కొండ కూడా కైలాసగిరిలా లేదు. పాప రోజూ చూసే కొండ, తన చేతిలోంచి ఎప్పుడూ కాగితం మీదికి రాలేదు. అది నన్ను చాలా బాధపెట్టింది. బొమ్మ నేర్చుకోవడమంటే ముందు చూడటం నేర్చుకోవడం. పిల్లలు చూసేదంతా ఇంట్లో, ఇంటి చుట్టూ ఉంటుంది. పక్కన పెద్దవాళ్ళు కూడా కూర్చుని చూస్తుంటే వాళ్ళ చూపు నిలుస్తుంది. ఆ ఆలోచనతోనే సంచి మొదలుపెట్టాం. మీ అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో మీరూ మొదలుపెట్టాలంటే ఏమేం చేయాలో వరసగా రాస్తున్నాను.

1. ముందు ఇళ్ళు కుదుర్చుకోండి

నాలుగు ఇళ్ళకు తగ్గకుండా, ఆరుకు మించకుండా చూసుకోండి. పిల్లలందరిదీ ఒకే వయసు కానక్కర్లేదు. గీత, ముద్ర, రంగు, ఇలా ఒక్కో విడతకు ఒక అంశం ఉంటుంది. ఒకే అంశంతో సంచి అన్ని ఇళ్ళూ తిరిగి వచ్చాక అంశం మారుతుంది. అంటే ఐదు ఇళ్ళయితే ఒక్కో ఇంటికి ఐదు వారాలకు ఒకసారి వస్తుంది. ఇది మరీ ఆలస్యం కాదా అని అందరూ అడుగుతారు. కాదు. వారం వారం అంటే మూడో వారానికే ఉద్యోగాలు చేసుకునే అమ్మానాన్నలకు టెన్షన్ మొదలవుతుంది, సంచి అటక ఎక్కుతుంది. మధ్యలో పిల్లలు ఊరికే ఉండకుండా ప్రతి ఇంటికీ ఒక చిన్న కవరులో నాలుగు బొగ్గు ముక్కలు, పది కాగితాలు వదిలేయండి. అది చాలు.

2. సంచి నింపడం

మాకు మొదట్లో అన్నీ కలిపి సుమారు 1,500 రూపాయలైంది. ఐదు ఇళ్ళూ తలా మూడు వందలు వేసుకున్నాం.

కాగితం మీద డబ్బు ఎక్కువ పెట్టొద్దు. కాస్త మందంగా ఉండే 150 జీఎస్‌ఎం డ్రాయింగ్ షీట్లు ఒక యాభై ద్వారకానగర్ పుస్తకాల షాపుల్లో తీసుకోండి. మిగతాదంతా ఇళ్ళలోనే ఉంటుంది. పాత శుభలేఖల వెనక వైపు ఎంత మంచి కాగితమో వాడి చూస్తే తెలుస్తుంది. చెప్పుల డబ్బాల అట్టలు, పాత న్యూస్‌పేపర్లు కూడా దాచండి.

పోస్టర్ కలర్స్ ఐదే కొనండి: ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు. పన్నెండు సీసాల డబ్బా కొంటే అందులో ఆకుపచ్చ తయారుగా ఉంటుంది. పసుపులో నీలం కలిపి, తన చేత్తో ఆకుపచ్చ పుట్టించే అవకాశం పిల్లవాడికి పోతుంది. గుండ్రటి బ్రష్షులు 4, 8, 12 నంబర్లవి రెండేసి, హార్డ్‌వేర్ షాపులో దొరికే అంగుళం వెడల్పు బ్రష్ ఒకటి. లావు క్రేయాన్లు ఒక డబ్బా. బొగ్గు కొనే పని లేదు. ఇస్త్రీ బండి దగ్గర అడిగితే నాలుగు సన్నని ముక్కలు ఇస్తారు.

జిగురు ఇంట్లోనే చేసుకోండి. ఒక కప్పు మైదాను నాలుగు కప్పుల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద చిక్కబడి మెరుపు వచ్చేదాకా తిప్పాలి. పుస్తకాలు కుట్టేవాళ్ళు పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలు తాకే జిగురులో అస్సలు వేయొద్దు. అర చెంచా ఉప్పు వేసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది.

పాత ఫ్లెక్సీ ఒకటి తప్పకుండా ఉండాలి. ఫంక్షన్ అయిపోయాక పడేసేది అడిగి తెచ్చుకోండి. అక్షరాలు కిందికి, తెల్లవైపు పైకి వేసి నేలంతా పరచండి. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణముంది. మొదటి నెలలో పక్కింటివాళ్ళ తెల్ల పాలరాయి మీద నేను పట్టుకున్న గిన్నె జారి వంట పసుపు కలిపిన నీళ్ళు ఒలికాయి. ఎంత తుడిచినా మరక పోలేదు, వాళ్ళ ముఖం చూడలేకపోయాను. వంట పసుపు రంగుకు ఎండ పడదు కాబట్టి కిటికీ ఎండ తగిలి రెండు మూడు వారాల్లో మెల్లగా వెలిసిపోయింది. అంతవరకు నాకు నిద్ర లేదు.

మన ఊరి గాలిలో తేమ వల్ల కాగితాలు మెత్తబడతాయి, వానాకాలం బూజు కూడా పడుతుంది. కాగితాలను జిప్ కవరులో పెట్టి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు అందులో వేయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ పొట్లాలు వాళ్ళ చేతికి అందకూడదు.

స్కెచ్ పెన్నులు, మెరుపుల పొడి, రంగులు నింపే పుస్తకాలు, టర్పెంటైన్ కావాల్సిన ఆయిల్ పెయింట్లు సంచిలో వద్దు.

3. కార్డు రాయడం

ఒక్కో అంశానికి ఒక అట్టకార్డు. ఆ సాయంత్రం ఏం చేయాలో దాని మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, పది వాక్యాలకు మించకుండా రాయండి. కళ్ళజోడు లేకపోయినా నాయనమ్మ చదివి వినిపించగలగాలి.

4. మొదటి సాయంత్రం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మొదటి సాయంత్రం బాగా జరిగితే మిగతావి వాటంతటవే నడుస్తాయి.

ఫ్యాను ఆపండి, కాగితాలు ఎగరకుండా. టీవీ ఆపండి. ఫోన్లు పక్క గదిలో పెట్టండి, ఫోటోలు కూడా తర్వాతే. అందరూ నేల మీదే కూర్చోవాలి. కింద కూర్చోలేని పెద్దవాళ్ళకు కుర్చీ వేసి ఒడిలో అట్ట పెట్టండి. మధ్యలో పళ్ళెంలో ఒక పెద్ద అల్లం కొమ్ము పెట్టండి.

అల్లం ఎందుకంటే, దానికి ఇలాగే ఉండాలనే రూపం లేదు. అరటిపండో ఆపిల్‌పండో పెడితే అందరికీ ముందే తెలిసిన బొమ్మ ఒకటి మనసులో ఉంటుంది, కళ్ళు పని మానేస్తాయి. అల్లం ముందు ఐదేళ్ళవాడూ వాళ్ళ నాన్నా ఒకటే.

తలా ఒక బొగ్గు ముక్క, తలా ఒక కాగితం. ఇప్పుడు కళ్ళు అల్లం అంచు వెంట చీమలా నడవాలి. కంటితో పాటే చెయ్యి కాగితం మీద నడవాలి. కాగితం వైపు చూడకూడదు. ఐదు నిమిషాలు, మాటలు లేకుండా. అయ్యాక చూసుకుంటే గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, అల్లంలా ఉండకపోవచ్చు. అందరూ నవ్వుకుంటారు. పెద్దవాళ్ళ గీత కూడా తన గీతలాగే వంకరగా ఉందని చూసిన క్షణాన పిల్లవాడి భుజాలు ఎలా వదులవుతాయో గమనించండి. తర్వాత మరో కాగితం మీద, ఈసారి కాగితం కూడా చూస్తూ, పదిహేను నిమిషాలు గీయండి. రెండో బొమ్మలో అల్లం కణుపులు, చారలు కనపడటం మొదలవుతుంది.

ఈ సాయంత్రంలో పెద్దవాళ్ళు ఎలా మాట్లాడతారన్నది రంగులకంటే ముఖ్యం. పిల్లల కాగితం మీద మీ చెయ్యి వేయొద్దు, దిద్దొద్దు. "ఏనుగు తొండం అలా ఉండదమ్మా" అని నేను ఒకసారి అన్నాను. పాప ఆ కాగితం తిప్పేసింది, ఆ రోజు మళ్ళీ గీయలేదు. "ఎంత బాగుందో" అని ప్రతిదానికీ అనడం కూడా మేలు చేయదు. పిల్లలు తర్వాత ఆ మాట కోసమే గీస్తారు. "ఇదేంటి" అని అడిగితే తాము గీసింది అర్థం కాలేదన్నట్టు ఉంటుంది. "దీని గురించి చెప్పు", "ఇక్కడ గీత ఇంత గట్టిగా వేశావే", "ఈ మూల ఖాళీ ఉంచావు కదా" అని, మీకు కనిపించినదే చెప్పండి. అది చాలు, మిగతాది పిల్లలే చెబుతారు.

వయసును బట్టి ఏం ఎదురుచూడాలో తెలిసి ఉంటే తల్లిదండ్రులకు కంగారు తగ్గుతుంది. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళా విద్యావేత్త 1947లో చెప్పిన దశలు ఇప్పటికీ పనికొస్తాయి. రెండు నుంచి నాలుగేళ్ళదాకా పిచ్చిగీతలు. చెయ్యి కదిలితే గుర్తు పడుతోందన్న సంతోషమే అక్కడ బొమ్మ. నాలుగు నుంచి ఏడు దాకా తల గుండ్రం, అందులోంచే కాళ్ళు. ఏడు నుంచి తొమ్మిదిలో కింద నేల గీత, పైన ఆకాశం గీత వస్తాయి, ఇంటికీ మనిషికీ ఒక్కో గుర్తు కుదురుతుంది. తొమ్మిది దాటాక అచ్చం ఉన్నట్టే రావాలని పట్టుదల పుడుతుంది. రాకపోతే "నాకు బొమ్మలు రావు" అని మానేసేది ఈ వయసులోనే. మనలో చాలామంది పెద్దవాళ్ళం అక్కడే ఆగిపోయాం. అందుకే పదేళ్ళ పిల్లలతో అల్లం ఆట మరీ ఎక్కువ ఆడండి.

గంట దాటనివ్వొద్దు. ఇంకా కావాలని అడుగుతున్నప్పుడే సర్దేయండి.

5. అంశాలు: కాలాన్ని బట్టి వేసుకోండి

*గీత.* ధనుర్మాసంలో మొదలుపెట్టే వీలుంటే గీతతోనే మొదలుపెట్టండి. గుమ్మం ముందు ముగ్గు వేసే ఇంట్లో గీతల గురువు ముందే ఉన్నారు. చుక్కలు పెట్టి, చుక్కల చుట్టూ తిప్పే ముగ్గును ముందు కాగితం మీద బొగ్గుతో, తర్వాత నేల మీద పిండితో వేయించండి. వేళ్ళ మధ్య నుంచి పిండి సమంగా జారడం మగపిల్లలకూ నేర్పండి. నాన్నలకు కూడా.

*ముద్ర.* బెండకాయను అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు, అరటి దూట కోస్తే వల అల్లిన చక్రం. పళ్ళెంలో తడి స్పాంజి ముక్క పెట్టి, దాని మీద చిక్కటి పోస్టర్ కలర్ రాస్తే అదే స్టాంపు ప్యాడ్. కోసిన ముఖాన్ని గుడ్డతో తుడిచి తడి తీయకపోతే ముద్ర అలుక్కుపోతుంది. బాదం ఆకునో రావి ఆకునో ఈనెలు పైకి ఉండేలా కాగితం కింద పెట్టి, క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దితే ఆకు లేచి వస్తుంది.

చేపలు తెచ్చుకునే ఇళ్ళలో ఇంకొకటి చేయొచ్చు. జపాన్ జాలర్లు తాము పట్టిన చేప ఎంతుందో గుర్తుంచుకోవడానికి దానికి సిరా పూసి కాగితం మీద ముద్ర తీసేవాళ్ళు. ఆ పద్ధతిని అక్కడ గ్యోతాకు అంటారు. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్ళో ఇది మనకెంత దగ్గరో చూడండి. పొలుసులు బాగా కనిపించే చిన్న చేపను ఉప్పు, నిమ్మరసంతో కడిగి జిగట పోగొట్టి, తడి లేకుండా తుడవండి. రెక్కలను విప్పి కింద మట్టి ముద్దలతో నిలబెట్టండి. తలవైపు నుంచి తోకదాకా పలచగా రంగు పూసి, పతంగులకు వాడే పలచని కాగితం కప్పి, వేళ్ళతో మెల్లగా ఒత్తి తీయండి. కన్ను మాత్రం తర్వాత బ్రష్‌తో వేసుకోవాలి. రంగు పూసిన చేపను వండొద్దు.

*రంగు.* మాఘ ఫాల్గుణాల్లో మోదుగ పూలు దొరికితే అదృష్టం. నీళ్ళలో మరిగిస్తే నారింజ కలిసిన పసుపు వస్తుంది. దొరక్కపోయినా వంటిల్లు ఉంది. పసుపు నీళ్ళలో చిటికెడు వంటసోడా వేస్తే ఎర్రబడుతుంది. పారాణి చేసేటప్పుడు పసుపులో సున్నం కలిపితే జరిగేది కూడా ఇదే. సున్నం పిల్లల కళ్ళకు, చర్మానికి మంచిది కాదు కాబట్టి సోడాతోనే చేయండి. పది పదిహేను శంఖుపుష్పాలు అర కప్పు వేడినీళ్ళలో వేస్తే నీలం, అందులో నాలుగు నిమ్మ చుక్కలు పడితే ఊదా. మా పాప ఆ రోజు ఇంట్లో ఉన్న నిమ్మకాయలన్నీ పిండేసింది. బచ్చలి పళ్ళు నలిపితే ముదురు ఊదా వస్తుంది. ఈ రంగులు వెలిసిపోతాయని ముందే చెప్పండి. గోడకు అంటించకుండా పుస్తకం మధ్యలో దాస్తే ఎక్కువ కాలం ఉంటాయి.

*ఆకు.* వేసవి సెలవుల్లో. ఈ అంశానికి కార్డు అక్కర్లేదు, మనిషి కావాలి. కొబ్బరాకుతో బూర, వాచీ, కళ్ళజోడు, పాము చేయడం మీ ఇంట్లోనో చుట్టుపక్కలో ఎవరో ఒకరికి తప్పకుండా వచ్చి ఉంటుంది. మా దగ్గర ఆ విద్య తెలిసినవారు మా వాచ్‌మన్ గారు. ఈనె తీసేసిన ఆకు పాయను ఒక కొస సన్నగా మొదలుపెట్టి, అంచు మీద అంచు పడేలా చుట్టుకుంటూ పోయి, చివర ఈనె ముక్కతో గుచ్చి బూర చేసి ఊదారు. ఆ ఆదివారం మెట్ల కింద ఆయన చుట్టూ పదకొండు మంది పిల్లలు కూర్చున్నారు. రోజూ గేటు దగ్గర చూసే మనిషిని మాష్టారుగా చూడటం మా అందరికీ కొత్త. మీరూ అలాంటివాళ్ళను వెతికి, మర్యాదగా పిలిచి, వాళ్ళ సమయానికి తగిన డబ్బు ఇవ్వండి.

*మట్టి.* వినాయక చవితి ముందు బంకమట్టి తేలిగ్గా దొరుకుతుంది. కుండలు అమ్మేచోట అడిగితే ఇంటికి మూడు కిలోలు ఇప్పిస్తారు. ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం పిడికెడు కూడా తేవద్దు. భీమిలి దారిలోని ఆ దిబ్బలు వేల ఏళ్ళుగా ఏర్పడినవి, రక్షించుకోవాల్సిన జాతీయ భూవారసత్వం. పైగా అది ఇసుక, బొమ్మకు నిలవదు.

మట్టిని చపాతీ పిండిలా పది నిమిషాలు మర్దించాలి. వేలి లావు తాడులా చేసి వేలికి చుట్టి చూడండి. పగుళ్ళు వస్తే కొద్దిగా నీళ్ళు చల్లి మళ్ళీ మర్దించాలి. బత్తాయి అంత ఉండ తీసుకుని మధ్యలో బొటనవేలు దించి, లోపల బొటనవేలు, బయట నాలుగు వేళ్ళు పెట్టి నొక్కుతూ ఉండను తిప్పుతూ పోతే చిన్న గిన్నె అవుతుంది. గోడ అన్నిచోట్లా చిటికెన వేలంత మందం ఉండాలి. ఒకచోట పలచన, ఒకచోట మందం అయితే ఆరేటప్పుడు అక్కడే చీలుతుంది. ఏనుగుకు చెవులు అతికించాలంటే రెండు వైపులా ఫోర్కుతో గీతలు పెట్టి, మధ్యలో పెరుగులా కలిపిన మట్టి పూసి నొక్కాలి. ఊరికే అంటిస్తే ఆరగానే ఊడిపోతుంది, పిల్లలు ఏడుస్తారు.

మన తేమలో ఆరడానికి వారం పడుతుంది. తొందరపడి ఎండలో పెట్టొద్దు. న్యూస్‌పేపరు కప్పి నీడలో ఉంచి, రోజుకొకసారి తిప్పండి. కాల్చని మట్టి కాబట్టి గిన్నెలో నీళ్ళు నిలవవు. చేసినవాటిలో ఒక్కటే దాచుకుని, మిగతావి బకెట్టు నీళ్ళలో నానేసి మళ్ళీ ముద్ద చేసి తర్వాతి ఇంటికి పంపండి. తన ఏనుగు నీళ్ళలో కరిగిపోవడం చూస్తూ మూడో అంతస్తు బాబు చాలాసేపు బకెట్టు దగ్గరే కూర్చున్నాడు. వాళ్ళ నాయనమ్మ గారు "వినాయకుణ్ణి కూడా ఇలాగే పంపిస్తాం కదరా" అన్నారు. చేతులు కడిగిన మట్టి నీళ్ళు సింకులో పోయొద్దు, పైపు మూసుకుపోతుంది. మొక్కలకు పోయండి.

6. ఆటంకాలు

పెద్దవాళ్ళు "మాకు రాదు" అంటారు. వాళ్ళకు బొమ్మ అని చెప్పకుండా పని ఇవ్వండి: మట్టి మర్దించడం, జిగురు కాయడం. చేతులు అందులో పడ్డాక వాళ్ళే ఆగరు. అన్నదమ్ములు పోల్చుకుని పోట్లాడుకుంటే ఇద్దరికీ కలిపి ఒక పెద్ద ఛార్టు ఇవ్వండి. పరీక్షల నెలలో సంచిని ఆపేయండి, అపరాధంగా అనుకోవద్దు.

పోటీలు, మార్కులు, బహుమతులు పెట్టొద్దు. ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను.

7. ఊరు చూపించడం

ఆరు నెలలకొకసారి ఐదు ఇళ్ళూ కలిసి బయటికి వెళ్ళండి. అట్ట, బొగ్గు, కాగితాలు మాత్రం తీసుకెళ్ళండి. వెళ్ళినచోట అన్నీ చూడాలనే ఆత్రం వద్దు. ఒక వస్తువు ముందు ఇరవై నిమిషాలు కూర్చోండి.

బీచ్ రోడ్డులో డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియం దగ్గరలోనే ఉంది కాబట్టి మొదట అక్కడికి. తర్వాత తొట్లకొండ. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిపి బయటపెట్టిన బౌద్ధ విహారం అది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే కొండకు ఆ పేరు. గుండ్రటి స్తూపం పునాదులు, వరసగా భిక్షువుల గదులు, వెనక సముద్రం. గుండ్రం, చతురస్రం, అడ్డగీత మూడూ ఒకేచోట పిల్లల కళ్ళముందు ఉంటాయి. ఉదయం ఎనిమిదికల్లా చేరితే ఎండ బాధ ఉండదు.

ఒక రోజంతా ఖాళీ ఉంటే ఏటికొప్పాక వెళ్ళండి. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున, మనకు దాదాపు 65 కిలోమీటర్లు. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రకృతి రంగులను తిరిగి నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మెత్తటి అంకుడు కర్రను తిరిగే మిషను మీద చెక్కి, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. బయల్దేరే ముందు పిల్లల చేత అరచేతులు గట్టిగా రుద్దించి వేడి చూపించండి, అక్కడ చూసేది వెంటనే అర్థమవుతుంది. బొమ్మ కొనేముందు చేసేవాళ్ళ చేతులను ఒక కాగితం మీద గీయమనండి. అడిగి గీయాలి. గీసినది వాళ్ళకు చూపించాలి.

బయటికి వెళ్ళినా, ఇంట్లో చేసినా, ఎవరింట్లో సంచి ఉంటే వాళ్ళు నోట్‌బుక్కులో తేదీ వేసి నాలుగు వాక్యాలు రాయాలి: ఏం చేశాం, ఏది కుదరలేదు, ఏ రంగు అయిపోయింది, తర్వాతి ఇంటికి ఏం చెప్పాలి. బ్రష్షులు కడిగి వెంట్రుకలు పైకి ఉండేలా ఆరబెట్టి, మూతలు బిగించి, ఆదివారం సాయంత్రం ఆరింటికి సంచిని పిల్లల చేతే పక్కింటికి పంపండి.